ముప్పై రెండో మంచం నిద్ర

మొదటి రోజు

ముప్పై ఒక్క మంది వచ్చారు. అందరికీ ఉప్పు పోయేదాకా తలలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, నిద్ర యంత్రం పట్టీలు తలలకి కట్టేసరికి ఉదయం తొమ్మిదిన్నర దాటింది. పదింటికల్లా చల్లగాలి పెట్టే మా చల్లశాల తలుపులు మూసెయ్యాలి. ఆ తర్వాత బయట ఎండలో మనిషి నిలబడలేడు. సాయంత్రం ఆరు వరకూ ఊరంతా నిద్రే.

ఆఫీసు లాగ్ వేరే ఉంది. మంచం నంబరు, నిద్రపోయిన గంటలు, యంత్రం ఎన్నిసార్లు టిక్కుమన్నది, అందులో ఇంతే రాయనిస్తారు. ఇది నా సొంత పుస్తకం. పదకొండేళ్ళుగా ఈ శాలలో పనిచేస్తున్నాను. ఒక్కసారే ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు.

వీళ్ళంతా సముద్రపు కట్ట బయట పీతల మడుల్లో పనిచేసేవాళ్ళు. రాత్రి ఉప్పెన హెచ్చరిక కూత మోగగానే కట్టకున్న నాలుగో తలుపు వైపు పరిగెత్తారు. తొంభై నాలుగు మందిలో లోపల పడ్డది వీళ్ళే. మిగతావాళ్ళ ముందు తలుపు దిగిపోయింది.

వేలిముద్రలు తీసుకున్నాం. "నిద్ర వైద్యానికి ఒప్పుకుంటున్నాను" అని కాగితం. ఇవాళ ఏ కాగితం చూపించినా వేసేవారే.

డాక్టర్ సుభాషిణి గారు ఎప్పటిలాగే మంచం మంచం దగ్గరికీ వెళ్ళి నెమ్మదిగా చెప్పారు. "మీరు చూసింది మీ మెదడులో ఇంకా పచ్చిగా ఉంది. గాఢనిద్రలో మెదడు దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుని గట్టి చోటుకి మార్చుకుంటుంది. ఆ పని మేము జరగనివ్వం. పది నిద్రలు అడ్డుకుంటే చాలు, పచ్చిది పచ్చిగానే పోతుంది. ఉప్పెన వచ్చిందని తెలుస్తుంది. కళ్ళముందుకి మాత్రం రాదు."

పన్నెండో మంచం మీద ముసలాయన సూరాడ నరసయ్య నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. "రెండో కూతకే దించీసినారమ్మా. మూడో కూత అవనేదు. మా ముసిల్ది పోలమ్మ రెండు బారల దూరంలో ఉంది."

మూడో కూత తర్వాతే తలుపు దించాలని రూలు. రెండోదానికీ మూడోదానికీ మధ్య పదకొండు నిమిషాలు.

ఆయన చేతిని నెమ్మదిగా విడిపించుకుని పట్టీ బిగించాను.

రెండో రోజు

సాయంత్రం లేపి చోడి అంబలి ఇచ్చాను. నిన్నటికంటే ఏడుపు తగ్గింది. సగంమంది నా పేరు మళ్ళీ అడిగారు. అది మామూలే. ఈ వైద్యం ఉప్పెననీ నన్నూ విడదీసి చూడదు. కొత్తగా చూసిందేదీ నిలవనివ్వదు.

మూడో రోజు

ఉదయం కట్ట ఆఫీసు బండిలో ఇద్దరు మనుషులు మా తమ్ముణ్ణి తీసుకొచ్చారు. తవిటినాయుడు. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మ పోయాక ఈ అక్క చేతుల్లోనే, అప్పా అని పిలుస్తూ పెరిగాడు. నాలుగో తలుపు గదిలో మీట దగ్గర వాడి పని.

ఉప్పెన రోజు నుంచి ఇంటికి రాలేదు. ఆఫీసులోనే ఉంచుకున్నారని తెలుసు.

"ఈయనకీ కట్టండి. నిద్ర పట్టడం లేదంటున్నాడు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

"ఈడు నా తమ్ముడు."

"తెలుసు."

ముప్పై రెండో మంచం వేశాను. తల కడుగుతుంటే వాడు నావైపు వంగాడు. నీళ్ళ చప్పుడులో వాళ్ళకి వినపడకుండా చెప్పాడు.

"ఫోను వచ్చింది అప్పా. పెద్ద ఇంజనీరు. రెండో కూత అయిన ఎంటనే. పంపుల గదిలోకి నీరొచ్చీసింది, దించీ అన్నాడు. మనుసులు వస్తన్నారు సారూ అన్నాను. పంపులు పోతే ఊరు పోతాది, దించీ అన్నాడు. దించీసినాను."

"ఇంకెవులైనా ఇన్నారా?"

"గదిలో నానొక్కణ్ణే. ఈ పట్టీ కడితే పోతాదా అప్పా? పోతాదని సెప్పు."

పోతుందని చెప్పాను. ఆ క్షణంలో నాకు వేరే ఆలోచన లేదు. పట్టీ నా చేతులతోనే కట్టాను. వాడు తొమ్మిది గంటలు పడుకున్నాడు. యంత్రం వెయ్యీ ఎనభైసార్లు టిక్కుమంది.

నాలుగో రోజు

ఏడో మంచం మైలపల్లి దానమ్మ ఇవాళ మొదటిసారి నోరు విప్పింది. ముప్పై మూడేళ్ళుంటాయి. కూతురు గౌరి చెయ్యి పట్టుకునే తలుపు దాకా వచ్చింది. తోపులాటలో ఈమె లోపల పడింది. పిల్ల బయట ఉండిపోయింది.

అంబలి గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మా, ఒకటి అడుగుతాను. మా గుంట ఆరోజు గౌనేసుకుంది. ఏ రంగుది?"

"నాకెలా తెలుస్తాది దానమ్మా?"

"నిన్న నాకు తెలుసు. నిన్న పొద్దున్న కూడా తెలుసు. ఇయ్యేల ఎంత తలుసుకున్నా రావట్లేదు."

గిన్నె తీసుకుని వచ్చేశాను.

ఐదో రోజు

పట్టీ కట్టబోతే దానమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు ఒద్దు."

"వేలిముద్ర ఏసినావు. నాను కట్టకపోతే ఇంకోలు కడతారు."

"నువ్వు కట్టు. పని సెయ్యనీకు. నీకు సేతనవుతాది, నాను సూసినాను. ఆ తెర దగ్గర తిప్పుతావు గదా."

చేతనవుతుంది. తెరమీద పెద్ద పెద్ద అలలు నెమ్మదిగా లేస్తాయి. ఒక్కో అల నెత్తిన సన్న గీతలు గుత్తిగా వస్తాయి, మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా. ఆకారాన్ని బట్టి మేము కదురు అంటాం. మెదడు లోపల సరుకు మార్చుకుంటున్నదని దానికి అర్థం. కదురు కనపడగానే యంత్రం చెవిలో చిన్న టిక్కు కొడుతుంది. అల చెదురుతుంది, మనిషికి మెలకువ రాదు. మనిషి మనిషికీ చప్పుడు ఎంత ఉండాలో సరిచూడటమే నా పని. పూర్తిగా తగ్గించేస్తే యంత్రం టిక్కుల లెక్క వేసుకుంటూనే ఉంటుంది, చెవిలో మాత్రం ఏమీ వినపడదు.

"నీకేం తెలుస్తాది దానమ్మా. నిద్రపోయి లేసేసరికి సూసిందల్లా రాయిలాగ కూసుంటాది. మరి పోదు."

"నా గుంట ఆకరిసారి నన్ను పిలిసినాది. అది ఇన్నది నానొక్కదాన్నే. నానూ మరిసిపోతే అది పిలవనట్టే గదా."

కాదన్నాను. పట్టీ కట్టాను. చప్పుడు ఎప్పటిలాగే పెట్టాను. పన్నెండో మంచం నరసయ్య ఇవాళ, "మూడో కూత ఇన్నానేమో, సరిగ్గా గ్యాపకం నేదు" అన్నాడు.

ఆరో రోజు

ఏడో మంచానికి చప్పుడు తీసేశాను.

ఎందుకు తీశానో సరిగ్గా చెప్పలేను. పొద్దున్న దానమ్మ నన్ను చూసి, "నిన్న నిన్నేదో అడిగినాను. ఏటది?" అంది.

తెరమీద ఒకదాని వెనక ఒకటి అలలు లేచాయి. ప్రతి అల మీదా కదురు. మూడు గంటలపాటు ఒక్కటీ చెదరలేదు. పదకొండేళ్ళుగా కదురు కనపడగానే విరగ్గొట్టడమే నా పని. ఆగకుండా సాగే నిద్ర ఎలా ఉంటుందో ఇవాళే చూశాను.

లేచాక ఆమె అరవలేదు. గోడవైపు తిరిగి దుప్పటి నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రమే కనపడింది.

ఏడో రోజు

కట్ట ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పన్నెండో రోజున పై ఊరి నుంచి విచారణాధికారి వస్తాడట. బతికినవాళ్ళందరినీ అడుగుతాడట.

డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఆవిడ మందు సీసాల మీద చీటీలు అంటిస్తున్నారు.

"అప్పటికి వీళ్ళకి ఏమీ గుర్తుండదు కదండీ."

ఆవిడ చీటీ అంటించడం ఆపలేదు. "ఉండదు."

"మరి ఏం చెప్తారు?"

"కామాక్షీ, పోయిన ఉప్పెనకి మనదగ్గర ఈ యంత్రాలు లేవు. ఏడాది తిరక్కుండా పదకొండు మంది ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళలో నలుగురిని తాడు కోసి దించింది నేను. విచారణ తేదీ ఎవరు పెట్టారో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఈ ముప్పై రెండు మంది వచ్చే ఏడాదికి బతికి ఉండాలి."

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ పదకొండు మంది సంగతి నాకూ తెలుసు.

ఎనిమిదో రోజు

తవిటి ఇవాళ పొద్దున్న నవ్వాడు. అంబలి రెండోసారి అడిగాడు. చిన్నప్పుడు చెరువులో నా చెప్పు పడేసిన సంగతి తలుచుకుని, "నన్ను కొట్టనేదు నువ్వు" అన్నాడు. పాత జ్ఞాపకాలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. పోయేది ఈ పది రోజులే.

మెల్లగా అడిగాను. "ఫోనులో ఎవులు మాటాడినారురా?"

వాడి మొహం మబ్బు పట్టింది. "ఫోనా? పెద్ద ఇంజనీరే... అనుకుంటాను. కాదా? ఆపీసు నుంచి ఎవులో." నా చెయ్యి పట్టుకుని, "నాకే భయమేసి దించీసినానా అప్పా?" అన్నాడు.

దానమ్మ చెప్పగలిగింది రెండు కూతలకే తలుపు పడిందన్న మాట ఒక్కటే. ఎవరు దించమన్నారో ఆమెకి తెలీదు. ఆ గొంతు విన్న మనిషి లోకంలో వీడొక్కడే. ఇంకో రెండు మూడు నిద్రలైతే ఆ గొంతు ఎక్కడా ఉండదు. అప్పుడు ఎవరైనా, తవిటినాయుడికి భయమేసి తలుపు దించేశాడని రాస్తే, అవును కాబోలు అని వాడే సంతకం పెడతాడు.

చప్పుడు తీసెయ్యనా అని వాణ్ణి అడగాలి. అడిగితే వద్దంటాడు.

పడుకునే ముందు మంచం పక్కన కూర్చున్నాను. తల నిమురుతూ, "మొదట్నుంచీ సెప్పు, నాకోసం" అన్నాను. వాడు నమ్మకంగా చెప్పాడు. ఎక్కడైనా తడబడితే మూడో రోజు నాకు చెప్పినది చెప్పినట్టు గుర్తుచేశాను. నాదంటూ ఒక్క మాట కలపలేదు. పంపుల గది. దించీ. మనుసులు వస్తన్నారు సారూ. మూడుసార్లు చెప్పించాను. మూడోసారికి వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు పట్టీ కట్టాను.

చప్పుడు తీసేశాను.

తొమ్మిదో రోజు

వాడు అంబలి ముట్టుకోలేదు. "పట్టీ పని సేస్తందా అప్పా?" అని అడిగాడు. సేస్తందన్నాను.

పదో రోజు

అలాగే.

పన్నెండో రోజు

విచారణ భోజనాల గదిలో జరిగింది. ఒక బల్ల, అధికారి, రాసుకునే మనిషి, కట్ట ఆఫీసు తరఫున వకీలు. మేము గోడ పక్కన నిలబడ్డాం.

ఇరవై మందికి పైగా ఒకే మాట చెప్పారు. ఉప్పెన వచ్చిందట, మేము తప్పించుకున్నామట. నరసయ్య చక్కగా తల దువ్వుకుని వచ్చాడు. తలుపు ఎప్పుడు పడిందని అడిగితే, "ఏ తలుపు బాబూ?" అన్నాడు. వెళ్ళేముందు నావైపు తిరిగి, "మా పోలమ్మ అప్పగారింటికెల్లి వారం అయ్యింది, ఎప్పుడొస్తాది?" అని అడిగాడు. పోలమ్మ చనిపోయిందని డాక్టరమ్మ ఆయనకి రోజూ చెప్తూనే ఉన్నారు.

దానమ్మ వచ్చింది. నిలబడే చెప్పింది. రెండు కూతలు విన్నానంది. మూడోది తలుపు పడ్డ చాలాసేపటికి వచ్చిందంది. తలుపు దిగుతున్నప్పుడు నీళ్ళు ఇంకా మోకాళ్ళ కిందే ఉన్నాయంది. కూతురు "అమ్మా, సెయ్యి ఒగ్గీకు" అని అరిచిందంది.

వకీలు లేచాడు. "మీ పాప ఆ రోజు ఏ రంగు గౌను వేసుకుందమ్మా?"

దానమ్మ తల అడ్డంగా ఊపింది. "తెల్దు."

"కన్నకూతురు వేసుకున్న గౌను గుర్తులేదు. కూతలు ఎన్నో మాత్రం గుర్తుంది."

"అయిదు నిద్దర్లు నా దగ్గర్నుంచి అట్టుకుపోనారు బాబూ. గౌను వాటితో పోనాది. కూతలు పోనేదు."

అధికారి నావైపూ డాక్టరమ్మవైపూ చూశాడు. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఏడో మంచానికి చప్పుడు తీసేశానని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

తర్వాత తవిటి. ఏమీ గుర్తులేదని వాడు అనుంటే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారు. వాడు బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ఫోను సంగతంతా చెప్పాడు. పెద్ద ఇంజనీరు పేరు చెప్పాడు. ఒక్క మాటా తప్పకుండా చెప్పాడు. నావైపు ఒక్కసారి చూశాడు. పట్టీ పని చెయ్యలేదని వాడికి తెలిసిపోయిందని ఆ చూపే చెప్పింది. ఎందుకు చెయ్యలేదో కూడా.

పద్నాలుగో రోజు

డాక్టరమ్మ నన్ను పిలిచారు. కేకలేస్తారనుకున్నాను.

"దానమ్మ అడిగింది. సరే. మీ తమ్ముడు అడిగాడా?"

"లేదండి."

"అతను మన రోగి. నిన్ను నమ్మి తల అప్పగించాడు." తాళాల గుత్తి కోసం చెయ్యి చాపారు. "నేను చేసింది తప్పేమోనని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నువ్వు చేసింది కూడా తప్పే కామాక్షీ."

తాళాలు ఇచ్చేశాను.

ఇరవై ఆరో రోజు

తీర్పు కట్ట ఆఫీసు గోడకి అంటించారు. రెండో కూత తర్వాతే తలుపు దించినట్టు రుజువైంది. ఇంతకుముందు కాగితాల్లో "ఉప్పెనలో కొట్టుకుపోయినవారు" అని ఉన్న అరవై మూడు మంది పేర్లు ఇప్పుడు "తలుపు ముందుగా మూసినందువల్ల చనిపోయినవారు" అన్న శీర్షిక కింద ఉన్నాయి. యాభై ఎనిమిదో పేరు మైలపల్లి గౌరి, తొమ్మిదేళ్ళు.

ఫోను వచ్చినట్టు ఆఫీసు రిజిస్టరులో లేదు. కాబట్టి ఆ మాట రుజువు కాలేదు. పెద్ద ఇంజనీరుని వేరే కట్టకి మార్చారు. తలుపు దించినట్టు తానే ఒప్పుకున్నందుకు బోనెల తవిటినాయుడికి తొమ్మిదేళ్ళు.

దానమ్మ కూడా అక్కడికి వచ్చింది. ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. వెళ్ళిపోతూ నా దగ్గర ఆగింది.

"నీకు దండం ఎట్టను. తిట్టను. పడుకున్నప్పుడల్లా వస్తంది. రానీ."

నలభై ఒకటో రోజు

జైల్లో కలవడానికి ఉదయం ఏడింటి నుంచి ఎనిమిదింటి వరకే ఇస్తారు. రెండుసార్లు వెళ్తే వాడు బయటికి రాలేదు. ఇవాళ వచ్చాడు. చిక్కిపోయాడు. మధ్యలో ఇనుప జాలీ.

"డాక్టరమ్మ వచ్చినాది" అన్నాడు. "పట్టీ కట్టమని అడిగినాను. గట్టిపడిపోనాక పని సెయ్యదంట."

"అవును."

"నన్ను అడిగితే నాను వద్దందును గదా అప్పా."

"అందుకే అడగలేదు."

వాడు తలూపాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నువ్వు నా నోటితో నిజం సెప్పించాలనుకున్నావు. సెప్పినాను. గానీ అంతా సెప్పనేదు." జాలీ దగ్గరికి జరిగాడు. "దించీ అని ఫోను పెట్టీసినాడు. తలుపు దిగడానికి నలభై సెకన్లు పడతాది. ఆ నలభై సెకన్లూ నాతో ఎవులూ మాటాడనేదు. నా ముందల తెర ఉంది. తలుపు కింద నుంచి ఒక సెయ్యి లోపలికొచ్చింది. సిన్న సెయ్యి. ఆపే మీట మీద నా ఏలు ఉంది అప్పా. నొక్కితే ఆగిపోతాది. సూస్తా ఉన్నాను. నొక్కనేదు. ఎందుకు నొక్కనేదో నాకు తెల్దు. ఆ సెయ్యి ఏళ్ళు ఇలగ తెరిసి..." తన చెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్ళు నెమ్మదిగా విప్పాడు. "అప్పుడు ఫోను నేదు. ఇంజనీరు నేడు. అది నానే."

ఎవరి చెయ్యో వాడికి తెలీదు. నేను అడగలేదు.

"ఇది ఇచారణలో సెప్పనేదు. డాక్టరమ్మకి సెప్పనేదు. నీకే సెప్పినాను" అన్నాడు. చెయ్యి దించేశాడు. "ఎండెక్కుతంది. ఇంటికెల్లి పడుకో."

తొమ్మిదింబావుకి ఇల్లు చేరాను. తలుపులూ కిటికీలూ మూశాను. వీధిలో ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి గడియలు పెట్టుకుంటున్న చప్పుడు. నిద్రపోకుండా కూర్చుందామనుకున్నాను. ఒక్కరోజు మేలుకుంటే విన్నది కాస్త పచ్చిగానే ఉంటుంది, రెండు రోజులు మేలుకుంటే ఇంకాస్త. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంటే పట్టీ కట్టకపోరు. తొలి నిద్ర ఇంకా పడలేదు గనక నా విషయంలో అది పనిచేస్తుంది కూడా.

చాప పరుచుకుని పడుకున్నాను.

ఆరింటికి మెలకువ వచ్చింది. ఎనిమిది గంటలు, ఒక్కసారి కూడా కదలకుండా పడుకున్నాను. కళ్ళు ఇంకా తెరవలేదు. చిన్న చెయ్యి తలుపు కింద నుంచి లోపలికి వచ్చి, వేళ్ళు నెమ్మదిగా విప్పింది.